పిలిస్తే పలికే రక్తం

“ఆరు నెలల్లో ప్రొద్దుటూరు ఆసుపత్రికి రక్తం వేరుచేసే యంత్రం వస్తుంది. ఎవరి రక్తం వాళ్లకే ప్రాణం పోస్తుంది. ఇది నా మాట.” గుండె ఆపరేషన్ల విభాగానికి రిబ్బను కత్తిరించిన రోజు మైకు ముందు మంత్రి పెద్దాయన అన్నది ఇదే. రెండేళ్లయింది. యంత్రానికని కట్టిన గదిలో విరిగిన కుర్చీలు ఉన్నాయి.

సింహాద్రిపురం పక్కన గొర్రెలు మేపుకునే గంగులమ్మ పొద్దున్నే దొడ్డి తడిక తీసి మందను పిలిచేది. ముల్లు గీసుకుని రక్తం కారితే దాన్నీ అదే పిలుపుతో పిలిచేది. కారిన చుక్క వెనక్కి తిరిగి, గాయం దగ్గర చేరి, గడ్డకట్టేది. “కాలు తెగితే చూస్తాండావేందే, పిలుచుకోగూడదా?” అని ఊళ్లోవాళ్లు కసురుకునేవాళ్లు, అంతే.

పరాయి రక్తం మాత్రం ఆమెకు పొసగదు. కాన్పప్పుడు జమ్మలమడుగులో ఎక్కించిన రక్తం వేరే మంద గొర్రెల్లా, వచ్చిన దారినే బయటికి నడిచిపోయింది.

ఇప్పుడు గుండెలో కవాటం చెడింది.

“ముందు నీ రక్తమే కొంత తీసి యంత్రంలో తిప్పాల,” అన్నాడు ప్రొద్దుటూరు ఆసుపత్రి డాక్టర్ నూర్ అహ్మద్. “గడ్డకట్టించే భాగాన్ని వేరుచేసి, జిగురు చేసి కుట్ల మీద పూస్తాం. అది లేకుండా కోస్తే నెత్తురు ఆగక చచ్చిపోతావు.”

“మంద ముందర నడిచే మేక అన్నమాట. అది యాడ నిలబడితే మిగతావీ ఆడ్నే నిలబడతాయి.”

“అంతే.”

“మరి యంత్రం యాడుంది సార్?”

“మైకులో ఉంది.”

గంగులమ్మ ఇంటికి పోలేదు. మిగిలిన ఊపిరంతా కూడగట్టి ఫోన్‌లోనే మందను పిలిచింది. ఊళ్లో ఉన్న కూతురు భువనేశ్వరి స్పీకరు పెట్టుకుని ముందు నడిచింది. ముద్దనూరు మీదుగా వచ్చిన గొర్రెలు ఆసుపత్రి సూపరింటెండెంట్ సుధీర్ కారు చుట్టూ పడుకున్నాయి.

“ఏందమ్మా ఇది? తోలుకుపో!”

“ఎరువు కోసం చేలో మంద పెట్టమని రైతులు బతిమాలతారు. మీకు ఊరికే పెడతాండా.”

“పోలీసులను పిలుస్తా!”

“పిలువు. ఇవి నా గొంతుకు తప్ప లేవవు. నాకేమో ఊపిరి చాలడంల్యా. గుండె బాగుచెయ్యండి, లేపుతా.”

పోలీసులు లాగినా ఒక్క గొర్రె కదల్లేదు. రెండేళ్లుగా దొరకని యంత్రం ఆ వారంలోనే దొరికింది, అరువుకు, ఒక్క ఆపరేషనుకు. అడుక్కుంటే నిధులు లేవు, అడ్డం పడుకుంటే ఉన్నాయి!

మత్తు ఇవ్వకముందు ఆమె రక్తం తీసి తిప్పారు. వేరుచేసిన పసుపుపచ్చటి భాగం ఉన్న సంచిని నోటి దగ్గరికి తెప్పించుకుని గంగులమ్మ మెల్లగా పిలిచింది. తర్వాత నిద్రపోయింది.

కవాటం మార్చినాక కుట్లలోంచి నెత్తురు ఊరుతూనే ఉంది. నూర్ అహ్మద్ జిగురు పూశాడు. జిగురు నిలబడింది. దాని వెనకే చుక్క తర్వాత చుక్క వచ్చి నిలబడింది.

“అన్నీ వచ్చేసినాయి సార్,” అంది నర్సు మసరత్, కత్తెరలు తుడుస్తూ.

గంగులమ్మ లేచి నడిచిన రోజు యంత్రాన్ని వ్యానుకు ఎక్కిస్తున్నారు. పక్క మంచం మీద జమ్మలమడుగు టైలరు అమ్జద్ అదే ఆపరేషను కోసం ఎదురుచూస్తున్నాడు. అతని రక్తం ఎవరు పిలిచినా పలికే రకం కాదు.

“నీ గుండె బాగైంది కదా, మందను లేపు,” అన్నాడు సుధీర్.

గంగులమ్మ కుట్ల మీద చెయ్యి పెట్టుకుని పిలిచింది. గొర్రెలన్నీ లేచాయి, వ్యాను చుట్టూ చేరాయి, మళ్లీ పడుకున్నాయి. డ్రైవరు బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. మరుసటి రోజు యంత్రాన్ని కిందికి దించి, అమ్జద్‌ను థియేటరుకు తీసుకుపోయారు.

“ఇంకా ఎన్నాళ్లమ్మా?” అన్నాడు సుధీర్.

“పెద్దాయన్నే అడుగు సార్. పులివెందుల నుంచి, జమ్మలమడుగు నుంచి ఇంకా శానామంది వస్తాండారు. ఇది బిచ్చం కాదు, మా హక్కు. యంత్రం ఈడ్నే ఉంటుందా, ఉండదా? నవంబరు ఒకటో తేదీ లోపల జవాబు రావాల.”