రెండో సాక్షి

"హాగరు కథ, ఆమె తిరిగి వెళ్ళేదాకా రాయి, చాలు. ఆపైన వద్దు," అన్నాడు మా ఆయన. నేను గిన్నెలు తోముతున్నాను. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు.

ఆయన పాస్టరు. ఆదివారం సందేశానికి నోట్సు రాసేది నేను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళుగా ఇదే ఏర్పాటు: గొంతు ఆయనది, చేతిరాత నాది. వచనాలు వెతకడం, ఏ మాటకి ఏ మాట జత కుదురుతుందో చూడటం, మూడు భాగాలు చేసి కాయితం మీద పెట్టడం నా పని. "ఈ వారం దేవుడు నాకు బయలుపరిచిన సంగతి" అని ఆయన వేదిక మీద మొదలుపెడతాడు. ఆ బయలుపరచడం జరిగిన వేళకి ఆయన సోఫాలో కునుకు తీస్తుండేవాడు. పాస్టరు భార్యకి చెవులు రెండుండాలి కానీ నోరు అక్కర్లేదు అనేది మా అత్తగారు. ఆవిడకి నోరు బాగానే ఉండేది, అది వేరే సంగతి.

ఈ వారం సందేశం టైలరమ్మ కోసం. సంఘంలో సగం మంది బట్టలు ఆమే కుడుతుంది కాబట్టి ఆ పేరు. బుధవారం పొద్దున ఒక చేతిసంచీతో వచ్చి, మందిరం పక్క గదిలో సండేస్కూలు కుర్చీల మధ్య కూర్చుంది. ఎడమ చెవి వినపడటం లేదని నన్ను కుడివైపు కూర్చోమంది. ఆమె భర్త మా సంఘం డీకన్, పాస్టరు తర్వాత పెద్ద. వడ్రంగి. మందిరంలో బల్లలు, వేదిక, కానుకల పెట్టె అన్నీ ఆయన చేతి పనే. చీమకైనా హాని చెయ్యడని అందరూ అంటారు. నిజమే, చీమల జోలికి వెళ్ళడు.

"కొట్టినందుకు రాలేదక్కా," అంది. "అది అలవాటే. నిన్న నా మిషన్ పక్కన పెట్రోలు సీసా తెచ్చి పెట్టాడు. ఏంటిదన్నాను. ఏం లేదన్నాడు. టీ తాగుతూ నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఈసారి వెనక్కి పంపిస్తే నేను బతకను."

ఆ మాట మా ఆయనకి చెప్పాను. "సీసా పెడితే నేరమా? పాలిష్ పనికి ఏవేవో వాడతారు," అన్నాడు. "మొగుణ్ణి వదిలొచ్చిన మనిషిని మందిరంలో దాస్తే, రేపు ఎన్ని కాపురాలు నిలుస్తాయి?" ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కూటం పెడతామన్నాడు. ఆమె ఇంటికి వెళ్ళకపోతే సభ్యత్వం తీసేస్తారు, గది ఖాళీ చెయ్యాలి. ఆమెకి పుట్టింటివాళ్ళు లేరు. ఆ గది దాటితే మిగిలేది ఆ ఇల్లే.

మాది స్వతంత్ర బాప్టిస్టు సంఘం. మాకు పైన బిషప్పు లేడు, ప్రధాన కార్యాలయం లేదు. క్రీస్తే శిరస్సు, వాక్యమే చట్టం, సభ్యులు ఎత్తే చేతులే తీర్పు. పసిపిల్లల మీద నీళ్ళు చల్లి బాప్తిస్మం అనం. నమ్మిన మనిషి తన నోటితో తానే ఒప్పుకుని నీళ్ళలో మునగాలి. దేవుడికీ విశ్వాసికీ మధ్య ఇంకో మనిషి అక్కర్లేదు. కొత్తగా చేరిన ఆడవాళ్ళకి ఇవన్నీ నేనే నేర్పేదాన్ని, గర్వంగా. ఇప్పటికీ నమ్ముతాను. కానీ పైన ఎవరూ లేరన్న మాట ఆ బుధవారం నాకు మరోలా వినిపించింది. పైన ఎవరూ లేకపోతే డీకన్ మీద, పాస్టరు మీద ఎవరికి చెప్పుకోవాలి? కంచే చేను మేస్తే చేను ఎవరితో మొరపెట్టుకుంటుంది? పోలీసుల దగ్గరికి పోదామంటే ఆమే తల అడ్డంగా ఊపింది. విశ్వాసులు ఒకరిమీద ఒకరు లోకస్థుల ముందు, అంటే సంఘం బయటివాళ్ళ ముందు, వ్యాజ్యానికి పోకూడదని మా ఆయన మూడు వారాలు వరసగా చెప్పాడు. ఆ నోట్సూ నేను రాసినవే.

ఆమెకి పోయిన వేసవిలో బాప్తిస్మం ఇచ్చారు. వేదిక పలకలు తీస్తే కింద తొట్టి ఉంటుంది. తొట్టి కడిగి నీళ్ళు నింపడం, తెల్ల గౌన్లు ఇస్త్రీ చెయ్యడం, పైకొచ్చిన ఆడవాళ్ళకి తువ్వాలు చుట్టి బట్టలు మార్పించడం నా వంతు. మా ఆయన ఆమె వీపు కింద చెయ్యి పెట్టి వెనక్కి వాల్చగానే ఆమె కేక పెట్టింది. "నీళ్ళు చల్లగా ఉన్నాయి," అన్నాడాయన అందరికీ వినపడేలా. జనం నవ్వారు. గదిలో తడిగౌను విప్పితే వీపంతా బెల్టు వాతలు, రెండు చోట్ల చర్మం లేచిపోయి ఉంది. ఇంటికొచ్చి ఆయనతో చెప్పాను. "ఆమెలోని పాత మనిషి ఆ నీళ్ళలో సమాధి అయింది. తవ్వకు," అని తన తెల్ల చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. కుడి చేతి అంచున ఎర్రటి మరక. "చల్లనీళ్ళలో నానబెట్టు, వేడినీళ్ళయితే రక్తం పోదు," అన్నాడు. తన చేతిరుమాలు కూడా ఎప్పుడూ ఉతుక్కోని మనిషి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నా పెదవి చిట్లినప్పుడు, నేను జాకెట్టు ఎలా ఉతుక్కున్నానో పక్కన నిలబడి చూశాడు. అలా తెలుసు. నేను చొక్కా నానబెట్టాను. మరక పోయింది. ఎవరికీ చెప్పలేదు. అది నా పాపం, ఇంకెవరిదీ కాదు.

హాగరు గురించి రాయమన్నాడు కదా, రాశాను. యజమానురాలు బాధపెడితే, గర్భంతో ఉన్న దాసి హాగరు అరణ్యంలోకి పారిపోతుంది. దూత కనపడి, తిరిగి వెళ్ళి లోబడి ఉండమంటాడు. ఆదికాండం పదహారు. కానీ వాక్యానికి వాక్యమే వ్యాఖ్యానం, ఒక్క వచనం పట్టుకుని వేలాడితే తప్పుడు బోధ అని నాకు నేర్పింది ఆయనే. అందుకని ఇరవై ఒకటో అధ్యాయానికి వెళ్ళాను. హాగరు మళ్ళీ అరణ్యంలో ఉంది, ఈసారి బిడ్డతో. తిత్తిలో నీళ్ళు అయిపోయాయి. దూత మళ్ళీ మాట్లాడాడు. తిరిగి వెళ్ళమనలేదు. దేవుడు ఆమె కళ్ళు తెరిచి బావి చూపించాడు. అదే దేవుడు, అదే స్త్రీ. మొదటి మాట ఒకనాటికి చెప్పింది, ఆడవాళ్ళందరికీ ఎల్లకాలానికీ వేసిన శాసనం కాదు. దీన్ని రెండో భాగంగా పెట్టాను. ఆయన చదివి ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశాడు. "నీకు తెలివి ఎక్కువైంది," అన్నాడు నవ్వుతూ. అరిస్తే నాకంత భయం ఉండదు. నవ్వితేనే భయం.

శనివారం సాయంత్రం డీకన్ స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. "పక్క గది గడియ వదులైంది పాస్టరమ్మగారూ. విప్పుకెళ్ళి బాగుచేసి తెస్తాను."

"బాగానే ఉందండీ," అన్నాను.

"చెక్క పని, మీకు తెలీదులెండి," అని నాలుగు మరలూ విప్పి గడియ జేబులో వేసుకున్నాడు. టైలరమ్మ గోడకి ఆనుకుని నిలబడి చూసింది. మా ఆయన్ని అడిగితే, "మంచి పనే కదా చేస్తున్నాడు," అన్నాడు. పొద్దున నేను టీ తీసుకెళ్తే తలుపు తెరుచుకోలేదు. లోపల కుర్చీలన్నీ తలుపుకి అడ్డంగా పేర్చుకుని ఉంది. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడానికి చాలాసేపు పట్టింది ఆమెకి.

సందేశం బాగా కుదిరింది. గొంతు ఎక్కడ తగ్గించాలో ఆయనకి తెలుసు. హాగరు తిరిగి వెళ్ళిన చోట ఆపి, ప్రార్థన చేసి, కూటం మొదలుపెట్టాడు. టైలరమ్మని లేచి నిలబడమన్నాడు. డీకన్ ముందు బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"కొట్టాడంటున్నావు, చంపుతాడంటున్నావు. ఒక్కరి నోటి మాటతో ఎవరిమీదా నేరం నిలవదమ్మా. ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని వాక్యం. నీకు సాక్షులెవరైనా ఉన్నారా?"

ఆమె కుడి చెవి అటు తిప్పి విని, లేరన్నట్టు తల ఊపింది. నా వైపు చూడలేదు. చూస్తే నా కాపురం ఏమవుతుందోనని చూడలేదు. ఆ ప్రాణభయంలో కూడా నా గురించి ఆలోచించింది.

"అయితే ఈరోజే భర్త ఇంటికి వెళ్ళాలి, లేదా సభ్యత్వం రద్దు. సమ్మతించేవాళ్ళు చేతులెత్తండి."

మగవాళ్ళ చేతులు లేచాయి. వాళ్ళని చూసి ఆడవాళ్ళవీ లేచాయి. నేను చెయ్యి ఎత్తలేదు. లేచి నిలబడ్డాను.

"నేను సాక్షిని," అన్నాను. పాటల్లో తప్ప నా గొంతు ఆ మందిరంలో ఎప్పుడూ వినపడలేదు. ఎవరా అని కొందరు వెనక్కి తిరిగారు. "బాప్తిస్మం రోజు ఆమె వీపు మీద బెల్టు వాతలు చూశాను. నేనొక్కదాన్నే అయితే చాలదు కాబట్టి రెండో సాక్షి ఎవరో కూడా చెప్తున్నాను. ఆమెని నీళ్ళలో ముంచినాయన. ఆమె రక్తం ఆయన చొక్కాకి అంటింది. ఉతికింది నేను."

కొన్ని చేతులు దిగాయి, అన్నీ కాదు. డీకన్ మెల్లగా తల తిప్పి, కొలత తీసుకుంటున్నట్టు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. మా ఆయన నవ్వాడు. వేదిక దిగి నా బల్ల దగ్గరికొచ్చి, మోచెయ్యి పట్టుకుని, చాలా మెల్లగా అన్నాడు.

"సంఘంలో స్త్రీ మౌనంగా ఉండాలి. ఏదైనా ఉంటే ఇంట్లో భర్తని అడగాలి. పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడండి," అన్నాను, అందరికీ వినపడేలా. "ఇంట్లో సాక్షులుండరు."