విరవని పుల్ల

లాయరమ్మ గదిలో బల్ల మీద కూర్చున్నప్పటి నుంచీ బాలమణి ఒక సంగతి గమనిస్తూనే ఉంది. ఎవరు ఏమడిగినా ఆమె ముందు "అయితది" అంటుంది, ఆ తర్వాత "కానీ" అంటుంది.

గట్టు జరిపిన తమ్ముడి మీద కేసు పెట్టొచ్చా అని ఒకాయన అడిగాడు. "పెట్టొచ్చు. కానీ ముందుగాల సర్వే చేయించాలె" అంది లాయరమ్మ. ఆయన "పెట్టొచ్చు" వరకే విని, మీసం దువ్వుకుంటూ లేచిపోయాడు. కావలసిన ముక్క దొరికాక మిగతాది వినడం మనవాళ్లకు చేతకాదు. ఆ తర్వాత ఒక ముసలాయన, కొడుకు అన్నం పెడ్తలేడు, పెట్టిచ్చే కాయిదా చట్టంల ఉన్నదా అని అడిగాడు. "ఉన్నది పెద్దాయనా. కానీ ప్రేమగ పెట్టమని ఏ కాయిదా చెప్పదు" అంది. ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, కేసు వద్దులే బిడ్డా అన్నాడు.

నాగర్‌కర్నూల్ కోర్టు ఎదురుగా, జిరాక్స్ షాపు పక్కనే ఉంటుంది ఆ గది. లాయరమ్మ పేరు జయశ్రీ, అచ్చంపేట పిల్ల. నల్లకోటు కుర్చీకి తగిలించి, వచ్చినవాళ్లతో వాళ్ల మాటలోనే మాట్లాడుతుంది. అందుకే తెలకపల్లి దగ్గరి పల్లె నుంచి బాలమణి ఈమెను వెతుక్కుంటూ వచ్చింది.

"నీదేంది అమ్మా?"

"నేను మాయనకు పెండ్లాన్నేనా, కాదా మేడం? గదొక్కటి చెప్పు."

ఇన్నేళ్ల ప్రాక్టీసులో జయశ్రీని ఆ ప్రశ్న అంత సూటిగా అడిగినవాళ్లు లేరు. ఆమె పెన్ను పక్కన పెట్టింది.

బాలమణి చెప్పుకొచ్చింది. ఆమె భర్త కుర్మయ్య పోయిన మృగశిర కార్తెలో కన్నుమూశాడు. పిల్లలు లేరు. ఉన్న కాస్త మెట్ట చెల్కలోనే ఒక మూలన ఆయన్ని సమాధి చేశారు. దినాలైన మర్నాడే ఆయన అన్న కొడుకు మధు గుమ్మంలో నిలబడ్డాడు. అంతకు ముందురోజు దాకా "చిన్నమ్మా" అని పిలిచిన నోటితోనే, నువ్వు మా చిన్నాయన ఉంచుకున్నదానివే గానీ పెండ్లానివి గావు, నీ మొగుడు పాన్‌గల్‌లో బతికే ఉన్నడు అన్నాడు. ఆ మాటే పట్టుకుని కోర్టులో దావా కూడా వేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మధు నోరు మాత్రం చిన్నాయన దినాలు కాగానే మారిపోయింది.

"భూమి వాడే దున్నుకోని మేడం. నేను సచ్చినంక మాయన పక్కన పండవెట్టనిస్తడా వాడు? నాకు గంతే కావాలె."

"పెండ్లానివైతే అది నీ హక్కు. కాకపోతే వాని దయ" అంది జయశ్రీ. "మొదటాయన పేరేంది?"

బాలమణి తల వంచుకుంది.

"పేరు లేకుంటే కేసెట్ల నడుస్తది అమ్మా?"

"పాండవులల్ల రెండో ఆయన పేరు."

జయశ్రీ నవ్వు ఆపుకుని భీమయ్య అని రాసుకుంది. "కోర్టుల గిట్ల పొడుపు కథలు నడువయి. మొదటాయన పేరు నోరారా చెప్పాలె. చెప్పకుంటే ఇంకా మొగుడనుకుంటున్నవని అంటరు" అని హెచ్చరించింది.

భీమయ్యతో పెళ్లి అయ్యేనాటికి బాలమణికి చీర కట్టడం కూడా సరిగా రాదు. కాపురానికి పోయిన ఏడాదే ఆయన మేస్త్రి వెంట బొంబాయి దిక్కు కాలువ పనికి పోయాడు. రెండు దసరాలు గడిచినా రాలేదు. అత్తతో పడక అన్న వచ్చి పుట్టింటికి తీసుకుపోయాడు. రెండు దిక్కుల పెద్దమనుషులూ కూర్చుని, ఇగ కలవదని తేల్చి, వాళ్ల కులంలో తాతల నాటి నుంచి ఉన్నట్టే పుల్ల విరిచి ఇడుపు చేశారు, అంటే విడాకులు ఇప్పించారు. తర్వాత కుర్మయ్యతో మారుమనువు అయింది. ఆయన దేవుడి లాంటి మనిషి. ముప్పై ఏళ్లు ఆమెను "నువ్వు తిన్నవా" అని అడగకుండా ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"పుల్ల ఇరిస్తే చట్టం ఒప్పుకుంటదా?"

"కులంల ఆ రివాజు ఉంటే ఒప్పుకుంటది. కానీ..." జయశ్రీ ఆగి చూసింది. బాలమణి లేవలేదు. "కానీ రుజువు కావాలె. మీ రివాజుల పుల్ల ఎవరు ఇరవాలె?"

"మొగుడే. తన చేత్తోనే. ఇంకెవరిరిచినా చెల్లదు."

"ఆయన ఇరిచిండా?"

"ఇరిచిండు."

"సూసినోళ్లు?"

ఆ రోజు కూర్చున్న పెద్దమనుషులందరూ మట్టిలో కలిశారు. అన్న కూడా పోయాడు. ఆడవాళ్లను అక్కడికి రానివ్వరు కాబట్టి బాలమణి లోపలి గదిలో తలుపు వెనక కూర్చుంది. ఆమెకు వినపడింది పుల్ల విరిగిన చప్పుడొక్కటే. కాసేపటికి అన్న లోపలికి వచ్చి, "అయిపోయింది. ఇరిచిండు" అన్నాడు. విరవడానికి వచ్చినవాడు ఆమె ముఖమైనా చూడకుండా పోయాడే అన్న కోపం ఆ రోజు పుట్టింది, ఇప్పటికీ చావలేదు.

"అయితే మిగిలిన సాక్షి ఆ భీమయ్యే. పోయి అడుగు."

"ఆయన మొహం సూడ మేడం" అంది బాలమణి.

సాక్షి లేకుండానే కేసు నడిచింది. కోర్టులో ఆమె వంతు వచ్చిన రోజున బస్సులో దారి పొడుగునా ఆ పేరును నోట్లో నలుపుకుంటూ వచ్చింది. "భీ" వచ్చేది, మిగతాది గొంతు దాటేది కాదు. మధు లాయరు ఈ విద్యలో తలపండినవాడు.

"మీ మొదటి పెళ్లి ఎవరితో అయింది?"

"పాన్‌గల్ ఆయనతోని."

"పేరు చెప్పమ్మా."

బాలమణి బోను కర్రను గట్టిగా పట్టుకుంది. ఆయన తొందరపెట్టలేదు, ప్రశ్న మార్చాడు. "మీ దిక్కు ఆడవాళ్లు ఎవరి పేరు చెప్పరు?"

ఆమెకు అబద్ధం రాదు. "మొగుని పేరు" అంది.

"రాసుకోండి సార్" అన్నాడాయన జడ్జిగారి వైపు తిరిగి. చనిపోయిన భర్త పేరు కూడా ఆమె చెప్పదని జయశ్రీ లేచి అంది కానీ, ఆ మాట అప్పటికే చల్లారిన అన్నంలా ఉంది. బయటికి వచ్చాక, "పాన్‌గల్ పోతవా, లేకుంటే ఓడిపోతవా?" అని అడిగింది.

బాలమణి కొల్లాపూర్‌లో బస్సు మారి పాన్‌గల్ పోయింది.

భీమయ్య ఇంటి ముందు పల్లికాయ ఎండబోసి, కట్టె పట్టుకుని కాకుల్ని తోలుతున్నాడు. వెంట్రుకలు నెరిసిపోయాయి. నడుం మాత్రం నిటారుగానే ఉంది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరు?" అన్నాడు.

"నేను."

ఆ ఒక్క మాట సరిపోయింది. ఆయన మంచం నీడలోకి లాగాడు. చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె పక్కన పెట్టి, తను వెళ్లి గడప మీద కూర్చున్నాడు. ఇంట్లో ఇంకో మనిషి అలికిడి లేదు. దండెం మీద ఒక పంచె, ఒక తువ్వాల మాత్రమే ఆరుతున్నాయి.

నీళ్లు తాగకముందే బాలమణి కడుపులోది బయటపడింది. "ఇరవనీకె అంత దూరం వచ్చినోనివి, నా మొహమన్న సూడకపోతివి. నేనేం పాపం జేసిన?"

"యాడికొచ్చిన?"

"మా ఊరికి. పుల్ల ఇరిచిన్నాడు."

భీమయ్య ఆమెను అర్థం కానట్టు చూశాడు. "నేను రాలేదు బాలమణీ. కాలువ పనిల ఉంటి. మేస్త్రి ఇడువలేదు. మా నాయన పోయి ఇరిచొచ్చిండంట. నేను ఇంటికి చేరేసరికి నీకు మారుమనువు గూడ అయిపోయిండె. నీకు తెలుసనుకున్న."

అన్న "ఇరిచిండు" అన్నాడు. ఎవరు విరిచారో అన్న చెప్పలేదు, ఆమె అడగలేదు. మన భాషలో అదొక సుఖం, చేసినవాడి పేరు చెప్పకుండానే చేసిన పని చెప్పేయొచ్చు. ఆ ఒక్క మాట మీద ఆమె జీవితమంతా ఒక మనిషిని తిట్టుకుంటూ బతికింది. తిట్టవలసిన తప్పేదీ ఆయన చెయ్యనే లేదు. బాలమణి చెంబెత్తి నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగింది.

"మల్ల పెండ్లి చేసుకోలేదా?" అంది చివరికి.

"నా పుల్ల నేను ఇరవలేదు గద. ఎట్ల చేసుకుంట?"

వానలు పడలేదు, విత్తనం పెట్టలేదు అన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట. బాలమణి లేచి నిలబడింది. ఇంక ఈ మనిషిని ఏమని అడుగుతుంది? కొంగు సర్దుకుని బయలుదేరింది.

"ఎందుకొచ్చినవో చెప్పకనే పోతున్నవ్."

ఆమె అటువైపు తిరిగే చెప్పింది. మధు సంగతి, కోర్టు సంగతి, విరిచానని ఆయన చెబితే తప్ప తను కుర్మయ్య భార్య కాకుండా పోయే సంగతి.

"భూమి కోసమా?"

"కాదు. ఆయన పక్కన పండనీకె."

భీమయ్య కట్టెతో నేలను కొట్టాడు. అక్కడ కాకి ఏదీ లేదు. "వాయిదా ఎప్పుడు?" అని అడిగాడు.

ఆ రోజున ఆయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. దేవుని మీద ప్రమాణం చేయించారు. మధు లాయరు ముందు మెత్తగా మొదలుపెట్టాడు.

"ఆ రోజు నువ్వు బొంబాయి దిక్కున పనిలో ఉన్నావు, అవునా?"

"ఉంటి. పుల్ల ఇరవనీకె వచ్చి మల్ల పోయిన."

"ఏ చెట్టు పుల్ల?"

"యాప పుల్ల. ఎండింది."

"ఆమె ఎక్కడుంది?"

"లోపట. తలుపు సందుల చీర అంచు కనవడ్డది. పుల్ల ఇరిగినంక ఆ అంచు గూడ లోపటికి పోయింది."

వెనక బెంచీ మీద బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు దగ్గర ఆమె కూర్చున్న తీరు అదే. రాని మనిషికి అది ఎలా తెలుసు? తెలియదు. ఆ పగటిని తన మనసులో ఎన్నిసార్లు నడిపించుకున్నాడో, అన్నిసార్లూ అక్కడికి వచ్చి, అన్నిసార్లూ ఆ అంచు చూసి ఉంటాడు.

"అంత దూరం వచ్చి మరీ వదిలేశావే. ఆమెలో ఏం లోపం?"

భీమయ్య మొదటిసారి తడబడ్డాడు. "లోపం ఏం లేదు సార్. ఆమె మంచిది" అన్నాడు. లాయరు కాగితాలు మడిచి కూర్చున్నాడు.

బయట వరండాలో జయశ్రీ ముఖం వెలిగిపోతోంది. "ఆయన మాట నిలబడ్డది. తీర్పు నీ దిక్కే వస్తది అమ్మా."

బాలమణి కదలకుండా నిలబడింది. "కానీ?" అంది.

"కానీ ఏం లేదు. ఇంటికి పో."

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. బాలమణికి ఇల్లు చేరే దాకా ఆగేలా లేదు. గేటు పక్క వేపచెట్టు కింద భీమయ్య ఆమె కోసం నిలబడి ఉన్నాడు.

"దేవుని మీద ఒట్టేసి అబద్ధం చెప్పిన బాలమణీ. గా పాపం మోసుకుంట పోలేను. జర నిలవడు, నిజం జేస్త."

వంగిన కొమ్మ నుంచి ఒక పుల్ల తుంచి రెండు చేతులతో వంచాడు. పచ్చి పుల్ల, వంగింది గానీ విరగలేదు. మళ్లీ వంచాడు. తోలు ఊడి వచ్చింది, పుల్ల మాత్రం అలాగే ఉంది. చుట్టూ జనం చాయ్ గ్లాసులతో, వాయిదా కాగితాలతో తిరుగుతున్నారు. ఎవరికీ వీళ్లిద్దరి మీద ధ్యాస లేదు.

బాలమణి కిందికి వంగింది. రాలిన ఆకుల్లో వెతికి, ఎండిన పుల్ల ఒకటి ఏరి, ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఆ పుల్లను చూశాడు, ఆమెను చూశాడు, విరిచాడు. అదే చప్పుడు. అప్పుడు తలుపు వెనక నుంచి విన్నది, ఇప్పుడు కళ్లెదుట చూసింది. రివాజు ప్రకారం "నువ్వెవరో నేనెవరో" అని చెరో సగం చెరో దిక్కుకు విసరాలి. భీమయ్య విసరలేదు. ఆ మాట కూడా అనలేదు.

ఇంక ఆ ఇడుపు తనే ముగించాలని బాలమణికి తెలిసిపోయింది. కుర్మయ్య పక్కన చోటు కావాలన్నది తనే కదా. కళ్లు తుడుచుకుని, బోనులో ఎంత పెనుగులాడినా రాని మాటను, ఊళ్లో ఎవరినైనా పిలిచినట్టు పిలిచింది.

"భీమయ్యా, బస్సు పోతది. పైలంగ పో."

ఆమె నోట తన పేరు వినడం ఆయనకు అదే మొదలు. పుల్ల రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని, సరేనన్నట్టు తలూపి, బస్టాండు దిక్కు నడిచాడు.