ముప్పై ఆరో బొమ్మ

నేను ఒక కెమెరాను. రీలు వేసి తిప్పే పాతకాలపు రకం. జపానులోని ఒక కర్మాగారంలో, తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఆడవాళ్ల మధ్య పుట్టాను. నాకు అద్దం బిగించిన ఆవిడ ఒక్కసారి నాలోంచి కిటికీ వైపు చూసి, తృప్తిగా తలాడించి పక్కన పెట్టింది. నేను చూసిందే నిజమన్న గర్వం నాకు ఆ తలాడింపుతోనే మొదలైంది. చాలా ఏళ్లు అది ఎవరికీ హాని చెయ్యలేదు.

నా మొదటి యజమాని కామేశ్వరరావు. విజయనగరంలో ఫొటో స్టూడియో ఉండేది. ఆయన మెడలో వేలాడుతూ పదిహేనేళ్లు పెళ్లిళ్లు తిరిగాను. మనుషులు చిత్రమైన వాళ్లు. అప్పటిదాకా వియ్యాలవారి మీద రుసరుసలాడుతున్న పెద్దమనిషి నన్ను చూడగానే వాళ్ల భుజం మీద చెయ్యి వేసేవాడు. అప్పగింతల్లో ఏడుస్తున్న పెళ్లికూతురు గబగబా కళ్లు తుడుచుకుని నవ్వేది. నేను పక్కకు తిరగగానే మళ్లీ ఏడ్చేది. రీలు లేని కెమెరాలు వచ్చాక కామేశ్వరరావు నన్ను పంచె చెంగుతో చివరిసారి తుడిచి, ఒక డ్రాయింగు టీచరుకు అమ్మేశాడు.

ఆమె పేరు మందాకిని. విశాఖపట్నంలో ఒక బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పేది. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లు. ఎంత పెద్ద కాగితం ఇచ్చినా అందులో పది గీతలకు మించి గీసేది కాదు. వీపు వంపు ఒక గీత, మెడ ఒక గీత, జూలు రెండు గీతలు. మిగతా కాగితమంతా తెలుపే. చూస్తే గుర్రం. కాగితాలు కట్టలు కట్టలుగా పెరిగినా, ఆమె వాటిని ఎవరికీ చూపించేది కాదు.

గుర్రాలంటే మరెక్కడివో కాదు, సముద్రపు ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని నాలుగు అడుగులు నడిపించే గుర్రాలే. వాటిలో చామంతి అనే ఆడ గుర్రం ఉండేది. పందేల్లో పరుగెత్తి, వయసు మళ్లాక ఈ ఇసుకలోకి వచ్చింది. దాన్ని సాకేవాడు అప్పలసూరి, అరవై దాటిన మనిషి. రోజూ తెల్లవారగానే దాన్ని నీళ్లలోకి దింపి ఒళ్లు రుద్దేవాడు. మందాకిని ఆదివారాలు నన్ను తీసుకుని వెళ్లేది. అలా ఆరేళ్లు. ఆమె ఆయన్ని బాబాయ్ అనేది, ఆయన ఆమెను టీచరమ్మ అనేవాడు. నన్ను చూసి నవ్వని మనిషిని మొదటిసారి చూసింది అక్కడే. ఆయనకు నేను అక్కడ ఉన్నట్టే పట్టేది కాదు.

ఒక మాఘమాసపు ఉదయం చామంతి అలల్లో నడుస్తూ, జాలరులు వదిలేసిన వల ముక్కలో ముందు కాళ్లు ఇరుక్కుని మోకాళ్ల మీద కూలబడింది. ఎక్కడివో నాలుగైదు కుక్కలు వచ్చి చుట్టూ మొరగడం మొదలుపెట్టాయి. అప్పలసూరి కర్ర ఎత్తి వాటిని అదిలించాడు. సరిగ్గా అప్పుడే మందాకిని మీట నొక్కింది. కుక్కలు నా అంచుకు అవతల ఉండిపోయాయి. నాలో పడింది మూడే: కూలిన గుర్రం, బెదిరిన దాని కన్ను, పైకి లేచిన కర్ర.

అది రీలులో ఆఖరి బొమ్మ, ముప్పై ఆరోది. ఆమె తల వంచి నా రీలు వెనక్కి చుట్టసాగింది. చుట్టి, తీసి సంచిలో దాచి తల ఎత్తేసరికి చామంతి లేచి నిలబడి ఉంది. వల ముక్కలై ఇసుకలో పడి ఉంది. కుక్కలు లేవు.

రెండేళ్ల తర్వాత ఆమె ధైర్యం చేసి, తన ఒక్కదాని బొమ్మలతో ప్రదర్శన పెట్టాలనుకుంది. ఫొటోలు ఇరవై నాలుగు, గీతల బొమ్మలు ఇరవై నాలుగు. బడి సెలవుల్లో డ్రాయింగు గది నేల మీద సుద్దముక్కతో గోడల కొలతలు గీసి, ఫొటోల సైజులో పాత పేపర్లు కత్తిరించి, ఏది ఎక్కడ తగిలించాలో పేర్చి చూసుకునేది. రోజుకో తీరుగా మార్చేది. ఫొటో పక్కన పెడితే గీతల బొమ్మ వెలవెలబోయేది. వేరే గోడకు పెడితే రెండూ వేరు వేరు మనుషులు చేసినట్టుండేది. ఎటూ పొసగక, మోకాళ్లు పట్టుకుని ఆ సుద్దగీతల మధ్యే కూర్చుండిపోయేది.

బొమ్మల ప్రదర్శనలకు హాలు నడిపే ప్రభాకర వర్మ వచ్చి అన్నీ చూశాడు. ముప్పై ఆరో బొమ్మ దగ్గర ఆగాడు.

"మిగతావన్నీ బాగున్నాయి, మందాకిని గారూ. ఇది మాత్రం జనాన్ని కాళ్లు కదలనివ్వదు. ఆహ్వానం మీద ఇదే వేద్దాం."

ఆమె ఆ ఉదయం జరిగింది చెప్పింది. ఆయన విన్నాడు. విని, బొమ్మ ఎంత బాగా కుదిరిందో మళ్లీ చెప్పాడు. ఆమె కాదనలేదు. అన్నేళ్లలో ఆమె పనిని అంతగా మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. సంచిలో ఉన్న నేను కూడా పొంగిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆహ్వానాలు ఫోన్లలో వెళ్లాయి. నాలుగో రోజుకల్లా ఎవరో దాని మీది పేరూ తేదీ కత్తిరించేసి, మూగజీవాన్ని చావగొడుతున్న మనిషి అని కింద రాసి ఊరంతా తిప్పారు. జంతువుల్ని కాపాడే సంఘం ఒకటి ఫిర్యాదు చేసింది. ఆ వారమే వ్యాను వచ్చి చామంతిని ఊరి బయట సంరక్షణ కేంద్రానికి తీసుకుపోయింది. అప్పలసూరి దాని కళ్లెం పట్టుకుని వ్యాను దాకా నడిచాడని ఒడ్డు మీది బజ్జీల బండి ఆవిడ చెప్పింది.

మందాకిని ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు, లేవలేదు.

"నానేటి సేసినానో మీకు తెల్దా, టీచరమ్మా?"

ఆమె తెలుసు బాబాయ్ అంది. ఆయన లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాడు ఆమె నన్నూ ఆ రీలు ముక్కనూ పట్టుకుని ఫిర్యాదు విచారించే ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, దీని తర్వాతి ఫొటో ఉందా అని అడిగాడు. లేదు, రీలు అయిపోయింది అని చెప్పింది. కావాలంటే గీసి చూపిస్తానని బల్ల మీది కాగితం లాక్కుని గీసింది. మోకరిల్లిన మనిషి, గుర్రం కాలు, వల, చేతిలో కత్తి. తొమ్మిది గీతలు.

"బొమ్మ బాగా గీశారు మేడమ్. కానీ మీరు తీసిన ఫొటోయే మీ మాటకు అడ్డుపడుతోంది కదా."

ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. నేను ఆమె ఒళ్లో ఉన్నాను. నా వైపు చూడలేదు. సెకనులో అయిదు వందలో వంతు కాలం మాత్రమే నేను కన్ను తెరిచాను. చూసిందాంట్లో తప్పు లేదు. అయినా నా వల్ల ఒక మనిషి గడపలో కూర్చుండిపోయాడు. ఇంత బరువు నేను ఎప్పుడూ మొయ్యలేదు.

ఆమె ఊరుకోలేదు. బడికి సెలవు పెట్టి, సంరక్షణ కేంద్రంలో పశువుల డాక్టరును కలిసి, కాళ్లు చూడమని రోజూ వెళ్లి బతిమాలింది. చివరికి ఆయన గిట్టల పైన వెంట్రుకలు కత్తిరించి చూశాడు. రెండు ముందు కాళ్లకూ చుట్టూ వల తాడు కోసిన పాత మచ్చలున్నాయి. వీపు మీద ఒక్క దెబ్బ గుర్తు కూడా లేదు. ఆయన ఆ మాటే రాసిచ్చాడు. పంతొమ్మిదో రోజున చామంతి తిరిగి వచ్చింది, డొక్కలు తేలి. పరాయి చేతి మేత ముట్టలేదట. దాన్ని చూసి పిల్లల్ని పక్కకు లాక్కునే తల్లిదండ్రులు మాత్రం ఆ తర్వాత కూడా ఉన్నారు. డాక్టరు కాగితాన్ని ఎవరూ ఫోన్లలో తిప్పలేదు.

ప్రదర్శన మానేస్తానంది మందాకిని. ఇప్పుడే కదా జనం వచ్చేది అన్నాడు వర్మ. ఆ మాటకు ఆమె, పెట్టినా ముప్పై ఆరో బొమ్మ మాత్రం గోడెక్కదని తేల్చి చెప్పింది. అది లేకపోతే హాలు ఇవ్వనన్నాడు. ఇవ్వొద్దంది. రెండు రోజులకు ఆయనే దిగివచ్చాడు.

మళ్లీ డ్రాయింగు గది నేల మీద కూర్చుంది. ఈసారి ఎక్కువ రోజులు పట్టలేదు. పాత గీతల బొమ్మలన్నీ పక్కన పెట్టేసింది. ప్రతి ఫొటో పక్కనా, మీట నొక్కిన తర్వాత ఏం జరిగిందో గీసి తగిలించింది. తల విదిల్చిన గుర్రం పక్కన, ఆ తల అప్పలసూరి భుజం మీద వాలడం. దౌడు తీస్తున్న గుర్రం పక్కన, ఖాళీ ఒడ్డు, ఒకటే గీత. ముప్పై ఆరో బొమ్మ ఉండాల్సిన చోట ఉత్త గోడ, దాని పక్కన ఆ తొమ్మిది గీతలు. నన్ను హాలు గుమ్మం లోపలే గాజుపెట్టెలో పెట్టారు. అది వర్మ సరదా.

ఆఖరి రోజు మధ్యాహ్నం అప్పలసూరి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒక్కో బొమ్మ దగ్గరా నిలబడి, చివరికి ఆ ఖాళీ గోడ దగ్గర ఆగాడు. మందాకిని వెనకాలే నిలబడింది.

"ఈ సేతిలోది ఏటమ్మా?"

"కత్తి, బాబాయ్. వల కోశావు కదా."

"నాకాడ కత్తెక్కడిది? పళ్లతో కొరికినాను. ఆ తాడుకి పెదాలు సీరుకుపోయి, రెండు దినాలు కూడు తిన్లేదు."

ఆమె ఆఫీసులోనూ డాక్టరు దగ్గరా అందరికీ కత్తి అనే చెప్పింది. తాను చూశాననే అనుకుంది.

బొమ్మను గోడ మీంచి దించింది. వెనక అట్ట ఊడదీసి, కాగితం బల్ల మీద పరిచి, రబ్బరుతో కత్తిని చెరిపేసింది. తల గీతను చెరిపి, కిందికి, గిట్ట దాకా వంచి మళ్లీ గీసింది. ఎనిమిది గీతలయ్యాయి. ఆయన వంగి చూశాడు.

"ఆఁ. అలాగే."

వెళుతూ గాజుపెట్టె దగ్గర ఆగి నన్ను చూశాడు. ఆయన నన్ను చూడడం అదే మొదలు.

"గీసుకోడానికి రండి టీచరమ్మా, సామంతి కూడా మిమ్మల్ని ఎరుగును. దీన్ని మాత్రం తేకండి."

ఆమె సరేనంది.

ఇప్పుడు నేను డ్రాయింగు గది అలమరలో, రంగుల డబ్బాల పక్కన ఉంటున్నాను. మొదట్లో ఆ ముసలాయన మీద కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ ఉదయం ఆ ఒడ్డున ఇద్దరు తల వంచారు. ఆయన గుర్రం కాలి దగ్గర, ఆమె నా దగ్గర.

మొన్న ఆదివారం బయల్దేరేటప్పుడు, ఆమె చెయ్యి అలవాటుగా నా వైపు వచ్చి మధ్యలో ఆగింది. పెన్సిళ్లు మాత్రం సంచిలో వేసుకుని, అలమర తలుపు మెల్లగా మూసి వెళ్లింది.