గులాబీ రంగు సగాలు

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. ఆయన కొట్టూ నా మందుల షాపూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. అక్కను ఆయనకిచ్చి పెళ్లి చేసిన రోజునుంచీ ఆయన్ని ఆటపట్టించే హక్కు నాది. ఇరవై రెండేళ్లలో ఆ హక్కును నేను ఒక్కరోజు కూడా వృథా చేయలేదు. అయితే ఒకసారి నా నోటి తీట ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. అప్పటినుంచి కాస్త తగ్గాను. మరీ ఎక్కువేం కాదు.

మా వీధి చివర ఓ గడియార స్తంభం ఉంది. ఆరేళ్లుగా అందులో టైము నాలుగుంపావే. దాన్ని బాగుచేయమని మునిసిపాలిటీ వాళ్లు బావకు కబురు పెట్టారు. అరచేతిలో పట్టే గడియారాలతో జీవితమంతా కుస్తీ పట్టిన మనిషికి మనిషంత ముల్లున్న గడియారం దొరికితే ఎలా ఉంటుంది? ఆ వారమంతా బావ భూమ్మీద నడవలేదు. స్తంభం లోపల గోడకు బిగించిన ఇనప నిచ్చెన ఉందనీ, దానికి డెబ్బై ఆరు మెట్లున్నాయనీ కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు.

సరిగ్గా ఆ వారమే డాక్టరమ్మ ఆయన బీపీ చూసి, పై అంకె నూట డెబ్బై అంది. అక్క అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. ఆ అంకె నూట నలభై లోపలికి దిగేదాకా నిచ్చెన మీద కాలు పెట్టడానికి వీల్లేదు. మా ఇంట్లో అక్క మాటకు అప్పీలు లేదు. మునిసిపాలిటీ వాళ్లు మూడు నెలలు గడువిచ్చారు, అది దాటితే వేరేవాళ్లను పిలుస్తామన్నారు.

డాక్టరమ్మ రాసింది రెండు మందులు కలిపిన ఒకే మాత్ర. ఉదయం పూట, రోజూ. ఒకవైపు తెలుపు, రెండోవైపు గులాబీ రంగు, రెండు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. స్ట్రిప్పు చేతికివ్వగానే బావ జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. దేన్నయినా విప్పి చూడందే ఆయనకు నమ్మకం కుదరదు. రెండు పొరలెందుకున్నాయని అడిగాడు. ఒక మందు రక్తనాళాలను వదులు చేస్తుందనీ, రెండోది ఒంట్లో ఎక్కువైన నీళ్లనూ ఉప్పునూ బయటికి పంపిస్తుందనీ చెప్పాను.

బయటికి ఎలా పంపిస్తుందో అర్థమయ్యాక బావ ముఖం వాడిపోయింది. ఆవగింజలో సగం ఉండే చక్రాన్ని పట్టకారుతో పట్టుకుని కూర్చునే మనిషి అరగంటకోసారి లేచి వెళ్తే పని సాగేదెలా? నీళ్ల మందు ఇందులో ఏ రంగుదని అడిగాడు.

నిజం చెప్పాలంటే నాకు తెలియదు. కౌంటరు ముందు ఆరుగురున్నారు. తెలియదని వాళ్ల ముందు ఒప్పుకోవడం నాకు నామోషీ.

"గులాబీదే బావా. చూడు పాపం, చేసే పని అలాంటిది మరి, సిగ్గుతో ఎర్రబడిపోయింది" అన్నాను.

ఆరుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు, తలూపి స్ట్రిప్పు జేబులో పెట్టుకుని రోడ్డు దాటాడు. నా జోకుకు ఆయన నవ్వకపోవడం మామూలే కాబట్టి పట్టించుకోలేదు.

ఆ తర్వాత నాలుగు వారాలు నాకు పండగే. బావ గంటకోసారి కొట్టు షట్టరు దించేసినంత పనిచేసి, వీధి మూలనున్న బాత్రూముకు పరుగు. ఆయన నా షాపు ముందునుంచి వెళ్తున్నప్పుడల్లా గోడ గడియారం చూసి, ఈసారి ఎనిమిది నిమిషాలు ముందొచ్చావు, కాస్త స్లో చేయించుకో అనేవాణ్ణి. మాత్ర వేసుకున్నావా అని అక్క రోజూ ఫోన్ చేసేది. వేసుకున్నాననేవాడు. బావ అబద్ధం చెప్పే మనిషి కాదు.

నాలుగు వారాలయ్యాక డాక్టరమ్మ మళ్లీ చూసింది. నూట అరవై ఎనిమిది. ఒక్కరోజు కూడా మానలేదని బావ చెప్పాడు. ఆవిడ రక్తపరీక్షకు రాసి, అదే మాత్ర రెట్టింపు మోతాదులో రాసింది. ఆ చీటీ పట్టుకుని అక్క నేరుగా నా దగ్గరికొచ్చింది. అక్క మామూలుగా ఏడ్చే మనిషి కాదు.

"మందుకు కూడా లొంగట్లేదంటే ఏంట్రా అర్థం? స్తంభం సంగతి పోనీ. మనిషి దక్కుతాడా?" అంది.

కొత్త స్ట్రిప్పు తీసుకుని నేనే బావ కొట్టుకు వెళ్లాను.

బావ లేడు. ఎక్కడికి వెళ్లి ఉంటాడో వీధిలో అందరికీ తెలుసు. బల్ల ముందు కూర్చున్నాను. విప్పిన భాగం ఏదీ పారేయకూడదన్నది ఆయన వృత్తిధర్మం. పాడైన మర అయినా సరే, చిన్న డబ్బా మూతలో వేసి, అది ఎవరి గడియారంలోదో కాగితం ముక్క మీద రాసి అంటిస్తాడు. బల్లనిండా అలాంటి మూతలే. ప్లీడరుగారిది, టైలరుది, హెడ్మాస్టరుగారి అలారం. చివరి మూత మీద 'నాది' అని ఉంది.

అందులో గులాబీ రంగు బిళ్లలున్నాయి. కాగితమంత పలచగా, అంచు చెదరకుండా, బ్లేడుతో తీసినవి. లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిది.

బావ వచ్చి నా చేతిలో మూత చూసి కంగారుపడలేదు సరికదా, మురిసిపోయాడు. ఒక్కటి కూడా చిట్లలేదు చూశావా అన్నాడు. రోజూ కొట్టు తెరవగానే భూతద్దం పెట్టుకుని గులాబీ పొర తీసేసి, తెల్లది మింగుతున్నాడట.

"నీళ్ల మందు తీసేసినా ఈ పరుగు తప్పట్లేదు. తీయకపోతే నేను ఆ బాత్రూములోనే కాపురం పెట్టేవాణ్ణి" అన్నాడు.

నేను షాపులోకి పరుగెత్తి, ఆ మాత్రల డబ్బాలో మడిచిపెట్టి ఉండే కాగితం తీశాను. పదేళ్లుగా వందల డబ్బాలు అమ్మినా ఆ కాగితం మడత విప్పింది లేదు. అందులో చీమల్లాంటి అక్షరాల్లో ఉంది, నీళ్ల మందు తెల్లపొరలోనిది. మాత్రను విరగ్గొట్టకూడదు, నలపకూడదు, మొత్తంగా మింగాలి. అంటే బావ నాలుగు వారాలుగా ఏది వద్దనుకున్నాడో అదే మింగి, బీపీ దించాల్సిన అసలు మందును మూతలో దాచాడు.

విషయం చెబితే బావ, అయితే పెద్ద ఇబ్బందేం లేదన్నాడు. పారేయలేదు కదా, రోజుకు రెండు చొప్పున అదనంగా వేసుకుంటే పద్నాలుగు రోజుల్లో పాత బాకీ తీరిపోతుందట. అంటూ అప్పుడే బిళ్లలను జతలు జతలుగా పేర్చడం మొదలుపెట్టాడు. నేను మూత లాక్కున్నాను. పోయిన మోతాదు పోయినట్టేననీ, అన్నీ కలిపి మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్ముతాయనీ చెప్పాను. చెబుతూ ఉండగా నా జేబులోని కొత్త స్ట్రిప్పు గుర్తొచ్చింది. ఆ రెట్టింపు మోతాదు సగం మందుకు లొంగని బీపీని చూసి రాసింది. రేపు ఆయన దాన్ని మొత్తంగా మింగి ఉంటే? ఆ మైకంతో డెబ్బై ఆరో మెట్టు మీద ఉంటే?

గుట్టుచప్పుడు కాకుండా సర్దేద్దామన్న ఆలోచన రాలేదని చెప్పను. కొత్త స్ట్రిప్పు దాచేసి, పాతది మొత్తంగా మింగమంటే ఎవరికి తెలుస్తుంది? కానీ డాక్టరమ్మ పుస్తకంలో ఒక అబద్ధం అంకె ఉండిపోతుంది. ఆ పైన ఆవిడ ఏం రాసినా దాని మీదే రాస్తుంది. మూత పట్టుకుని, బావనూ అక్కనూ వెంటబెట్టుకుని వెళ్లాను.

"తప్పు ఆయనది కాదండీ. ఏ రంగు ఏ మందో నాకు తెలీదు. నవ్వించడానికి ఏదో ఒకటి చెప్పాను. ఆయన నమ్మారు" అన్నాను.

డాక్టరమ్మ మూతలోకి చూసి, కొత్త చీటీ అడిగి తీసుకుని అడ్డంగా కొట్టేసింది. రక్తపరీక్ష ఫలితం వచ్చాక, అది బాగుంటే పాత మాత్రే, మొత్తంగా, రోజూ ఒకే టైముకు వేసుకోమంది. మర్చిపోయింది ఆరోజే గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు గుర్తొస్తే మాత్రం మర్నాటిది ఒక్కటే, రెండు కలిపి ఎప్పుడూ కాదు. కుర్చీలోంచి మెల్లగా లేవాలి. రోజంతా వంగి కూర్చోవడంతో వచ్చే నడుంనొప్పికి తనను అడక్కుండా ఏ నొప్పి మాత్రా మింగకూడదు, అంకె దిగిందని మందు మానకూడదు. బావ అన్నిటికీ తలూపి, చివరికి మెల్లగా బాత్రూము బాధ బయటపెట్టాడు.

"పొద్దున ఆరింటికే వేసుకోండి. మీరు కొట్టు తెరిచేసరికి చాలావరకు సర్దుకుంటుంది. ఈ ఒక్క మాట మొదటిరోజే నన్ను అడిగుంటే సరిపోయేది కదా" అంది ఆవిడ.

ఆ మాట బావతోనే అంది గానీ, చూపు నా మీదే ఉంది. అక్క తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. కూర గిన్నె మాత్రం పంపేది, అందులో ఉప్పు లేదు.

పరీక్ష బాగానే వచ్చింది. ఆరు వారాల తర్వాత నూట ముప్ఫై నాలుగు. డాక్టరమ్మ సరేనన్నాక బావ నిచ్చెన ఎక్కాడు. కింద అక్క నిచ్చెన పట్టుకుని నిలబడింది, గోడకు బిగించిన నిచ్చెనను పట్టుకోవడమెందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పదకొండో రోజు స్తంభం మీద ముల్లు నాలుగుంపావును వదిలి కదిలింది. అక్క కళ్లు తుడుచుకుని, పదరా అని నాతో అంది.

ఆ సాయంత్రం బావ షాపుకొచ్చి నా కౌంటరు మీద ఆ డబ్బా మూత పెట్టాడు. లోపల ఒకే ఒక్క గులాబీ బిళ్ల. 'నాది' అన్న కాగితం పీకేసి, కొత్తది అంటించాడు. 'మా బావమరిదిది' అని ఉంది. ఎవరి గడియారంలోంచి ఊడింది వాళ్లకే తిరిగివ్వడం తన పద్ధతి అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన నా మీద వేసిన మొదటి జోకు అది. నవ్వలేకపోయాను.

మొన్న ఒక పెద్దావిడ మాత్ర చేత్తో పట్టుకుని, సగం చేసి వేసుకోవచ్చా నాయనా అని అడిగింది. కౌంటరు ముందు నలుగురున్నారు. మాంచి మాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మూత వైపు చూశాను.

"నాకు తెలీదమ్మా. కూర్చోండి, డాక్టర్ని అడిగి చెబుతాను" అన్నాను.