కుడికాలి బూటు

ఆహ్వానపత్రిక ప్రూఫు చేతికొచ్చినప్పుడు నా పేరు కోసం వెతకాల్సిన పని లేకపోయింది. అన్నిటికంటే పైన ఉంది. 'మొదటి పందెం, 1973. విజేత: శ్రీ అంకయ్య.' మూడుసార్లు చదివి, అచ్చుతప్పులు చూస్తున్నవాడిలా ముఖం పెట్టాను.

అది 1986 ఫిబ్రవరి. ఢిల్లీ అశోకా రోడ్డులో మన సాంబారు దొరికే ఒక గెస్ట్‌హౌస్ భోజనశాలలో, ఆదివారం పొద్దున ఇడ్లీలు అయ్యాక కమిటీ కూర్చుంది. ధౌలా కువాన్ దాటి గుర్‌గావ్ వైపు వెళితే, పాడుబడిన ఇటుకల బట్టీ స్థలంలో ఒకప్పుడు మేము మోటారు సైకిళ్ళ పందేలు పెట్టుకునేవాళ్ళం. మేమంటే ఆఫీసు ఫైళ్ళు మోసే డిస్పాచ్ రైడర్లం, జీపు డ్రైవర్లం, మెకానిక్కులం. పందేలు ఆగి నాలుగేళ్ళయింది. అక్కడ ఇళ్ళ ప్లాట్లు వేస్తున్నారని తెలిసి, ఆ మట్టి పోకముందే ఒక శిలాఫలకం నిలిపి పాతవాళ్ళకు శాలువాలు కప్పాలని శేషగిరి పూనుకున్నాడు.

శేషగిరి సెక్షన్ ఆఫీసరు. బండి ఎక్కి ఎరగడు. గట్టు మీద నిలబడి చూసిన మనిషి, అదీ డెబ్భై అయిదు నుంచి. అంతకు ముందు జరిగిందంతా అతనికి నా నోటి వెంట తెలిసిందే.

ఇక నా నోరు. మా పందెం దుమ్ము పాలం విమానాశ్రయం దాకా లేచి, దిగాల్సిన విమానం ఒకటి దారి తెలియక జైపూర్ వెళ్ళిపోయిందని పదేళ్ళుగా నేనే చెబుతున్నాను. మలుపులో ఎడమకాలు నేలకు ఆనిస్తే, బూటు కింది ఇనపరేకు నుంచి రవ్వలు ఎగిరి గట్టు మీద సర్దార్జీ బీడీ అంటుకుందని కూడా చెప్పాను. ఆయన బీడీ తాగడని ఎవరో అడ్డొస్తే, చేత్తో పట్టుకున్నాడంతే అన్నాను. అలాంటి కథల్లోనే ఎక్కడో ఒకచోట మొదటి పందెం నేను గెలిచాను. ఎవరూ కాదనలేదు. ఆ పందెంలో దిగింది ఆరుగురం. ఇద్దరు చనిపోయారు, ముగ్గురు బదిలీల మీద తలో దిక్కు వెళ్ళారు. మిగిలింది నేను.

ప్రూఫు మడత పెడుతుంటే మూల బల్ల దగ్గర ఒకావిడ కనిపించింది. నలభై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళో న్యూస్ పేపరు పొట్లం. కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోవడం లేదు. నన్నే చూస్తోంది.

అనుమానం అక్కడ మొదలైంది. బీమా ఏజెంటు అనుకున్నాను. అయితే పొట్లం ఎందుకు? ఎవరి తాలూకు సిఫార్సో అనుకున్నాను. అయితే నన్నెందుకు చూడడం? శేషగిరి వైపు చూశాను. అతను నా చూపు తప్పించుకుని చట్నీ గిన్నెలోకి చూస్తున్నాడు. నాకు చెప్పకుండా ఈమెను ఇతనే పిలిచాడన్నమాట. పై వరసలో ఇంకో పేరు దూర్చడానికి ఏదో జరుగుతోందని గట్టిగా తోచింది.

"అమ్మా, ఇలా రండి," అన్నాడు శేషగిరి. "ఈవిడ దుర్గాంబగారు. సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉంటారు. మీ కోటయ్య గారి భార్య."

నా నోట్లో వక్కపలుకు ఎటు తిరగాలో తెలియక ఆగిపోయింది. కోటయ్య మాతో పాటే డిస్పాచ్ రైడరు. డెబ్భై నాలుగులో నాగపూర్ బదిలీ అయ్యాడు, అక్కడే పోయాడని విన్నాను. ఆయన ఉద్యోగం ఈమెకిచ్చి ఢిల్లీలో వేశారట.

"మొదటి పందెం గెలిచింది మావారండి," అందామె, కూర్చోకుండానే. "పేపర్లో మీ ప్రకటన చూశాను. పేరు వేయండి. శాలువా అదీ నాకక్కర్లేదు. ఆ రాతి మీద పేరుంటే చాలు."

"అచ్ఛా," అన్నాడు శేషగిరి. "ప్రూఫ్ ఏమైనా ఉందామ్మా?"

ఆమె పొట్లం విప్పింది. పాత బూటు ఒకటి. అడుగున ఇనపరేకు బిగించి ఉంది. రేకు ఒక అంచున అరిగి, పలచబడి, వంకర తిరిగింది. శేషగిరి దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పాడు. కళ్ళజోడు పైకెత్తి చూశాడు. మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఇది కుడికాలిదమ్మా."

"అవునండి."

"మట్టి ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమ వైపే తిరుగుతారు. ఎడమకాలే నేలకు ఆనిస్తారు. రేకు ఎడమ బూటుకే ఉంటుంది. నేను ఏడేళ్ళు చూశాను. ఇది ఇంకెక్కడిదో అయుంటుంది. అంకయ్య గారూ, మీరేమంటారు?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఠీక్ హై, చాలా ఏళ్ళ మాట కదా," అన్నాను. అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు.

దుర్గాంబ బూటు వైపు చూసింది. తర్వాత నా వైపు.

"అన్నయ్యగారూ, మీరు ఆ రోజు అక్కడున్నారట కదా. ఒక్క మాట చెప్పండి. బూటు దొంగదంటే అనుకోనివ్వండి. ఆయన పోయేదాకా ఈ ఒక్క సంగతే చెప్పుకున్నారు. ఏ గొప్పా చెప్పుకోని మనిషి. అది కూడా నాతో అబద్ధమే ఆడారంటారా?"

గెలిచినవాడి పెళ్ళాం అడిగే ప్రశ్న కాదది. ఆమె చూపులో ఇప్పుడు నా మీద అనుమానం లేదు. చచ్చిపోయిన మొగుడి మీదికి మళ్ళింది. దాన్ని అటు తోసింది నా నోరే.

వక్కపలుకు ఉమ్మేసి వచ్చాను.

"శేషగిరీ, ఆ బూటు సరైనదే," అన్నాను. "మొదటి ఏడాది మేం కుడివైపు తిరిగాం."

"అదేమిటండీ?"

"పాపయ్య అని మా మెకానిక్కు, ట్రాక్ గీసింది అతనే. పందెం రోజు పొద్దున్నే ట్రాక్ నడుమ ఒక రాయి పాతి, పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టాడు. బండ్లకు బొట్లు పెట్టాడు. ఇక ఆ రాయి చుట్టూ అప్రదక్షిణంగా తిరగడానికి మాలో ఒక్కడూ ఒప్పుకోలేదు. దేవుణ్ణి ఎడమచేతి వైపు పెట్టుకుంటే నడుములు విరుగుతాయన్నారు. అందుకని గుడి చుట్టూ తిరిగినట్టు కుడివైపే తిరిగాం. మరుసటేడు ఒక రిటైర్డు సుబేదారు చూసి, 'ఉల్టా చల్ రహే హో భయ్యా' అని నవ్వి ఎడమవైపుకు మార్పించాడు. నువ్వు చూసినవన్నీ ఆ తర్వాతవి."

శేషగిరి నా వంక చూసిన తీరు నాకు బాగా తెలుసు. విమానం కథ చెప్పినప్పుడూ అలాగే చూశాడు. "మళ్ళీ మొదలెట్టారా?" అన్నాడు.

"మా రాజ్‌దూత్‌లకు వెనక బ్రేకు కుడికాలి కిందే. కుడికాలు నేలకు దించితే బ్రేకు లేనట్టే. ఆ సంగతి మాకు మలుపులోకి వెళ్ళాక తెలిసింది. నేను భయపడి కాలు పైకి లాక్కున్నాను. కోటయ్య లాక్కోలేదు. నన్ను దాటి పోయాడు. నేను బట్టీ గుంటలో పడ్డాను." కుడి పంట్లాం పైకి లాగాను. మోకాలి కింద జానెడు మచ్చ, దాని లోపల ఇటుకపొడి ఇంకా నీలంగా కనిపిస్తుంది.

"అది నల్లమలలో చిరుతపులి గీరిందన్నారు కదండీ?"

"పులి లేదు. కోటయ్య వెనక చక్రం విసిరిన ఇటుక పెడ్డ అది."

"అంటే ఇన్నాళ్ళూ పులి కథ అబద్ధం. మరి ఇది కథ కాదని ఏమిటి గ్యారంటీ?"

"నేను గుంటలో పడే కథ ఎప్పుడైనా చెప్పానా నీకు?"

శేషగిరి పదేళ్ళ నా కథలన్నీ ఒక్కొక్కటే లోపల తిప్పి చూసుకుంటున్నట్టు కళ్ళు పైకి పెట్టాడు. నేను ఓడినది ఒక్కటీ దొరికినట్టు లేదు. ప్రూఫు కాగితం తీసుకుని పై వరసలో నా పేరు కొట్టేసి, కోటయ్య అని రాశాడు. నన్ను అడుగున రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. అది చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

దుర్గాంబ అప్పుడు కూర్చుంది. చల్లారిన కాఫీ తాగింది. బూటును మళ్ళీ పేపర్లో చుడుతూ, ఇంకా తృప్తి పడనట్టు నన్ను అడిగింది.

"ఎంత తేడాతో గెలిచారు అన్నయ్యగారూ?"

"అర చక్రం తేడా అమ్మా. రెండోవాడు బాగా దగ్గరికొచ్చాడు."

ఆమె చేతులు ఆగాయి. "ఆయన ఒక చక్రం అన్నారు."

ఆమె ముఖంలోకి చూశాను. శేషగిరి కలం పట్టుకుని నా నోటి వంకే చూస్తున్నాడు.

"అయితే ఒక చక్రమే," అన్నాను. "నేను గుంటలో ఉన్నాను కదా. అక్కణ్ణించి సరిగా కనబడలేదు."