వెనీలా డబ్బా

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు. ముందుగదిలో మంచం మీద అత్తగారు, హాల్లో అద్దం ముందు చెయ్యి మడిచి కండ చూసుకుంటూ మొగుడు, పక్కవీధి నుంచి వచ్చి సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని ఆడపడుచు, వంటింట్లో సింకు దగ్గర ఆమె. ఫ్రిజ్ మీదున్న ప్రోటీన్ పొడి డబ్బాని కూడా కలిపితే ఐదుగురు. కలపాల్సిందే మరి. ఆ ఇంట్లో ఆమె కంటే దానికే మర్యాద ఎక్కువ. దానికి ఎండ తగలకూడదు, తడిచెయ్యి తగలకూడదు, దాని మూత ఊరికే తీయకూడదు.

ఆమె ఆ పొడి కలుపుకునే షేకర్ కడుగుతోంది. అతను జిమ్ములో ప్రోటీన్ తాగేసి, అడుగున ఇంత వదిలేసి, మూత బిగించి, బ్యాగులో పడేసి మర్చిపోతాడు. మర్నాడు ఆ మూత తీసినవాళ్ళకి తెలుస్తుంది దాని సంగతి. ఆమె ముఖం పక్కకి తిప్పుకుని, వేడినీళ్ళు పోసి, లోపలున్న తీగచుట్టని బయటికి తీసి విడిగా తోమింది. బలం ఆయనకి, కంపు నాకు అనుకుంది. అనుకుని తనలో తనే నవ్వుకుంది.

ఆ డబ్బా ఇంట్లోకి రావడానికి అతను పడ్డ తపన తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ వింతే. ఉల్లిపాయలు తెమ్మంటే కుళ్ళినవో మంచివో చూడకుండా సంచీలో వేసుకొచ్చే మనిషి, పొడి దగ్గర మాత్రం పెళ్ళిసంబంధం చూసినంత చూశాడు. పాల నుంచి తీసిందా, బఠానీల నుంచి తీసిందా? చెంచాకి ప్రోటీన్ ఎంత, కలిపిన చక్కెరెంత? ఏ పరీక్షలో అయినా నెగ్గిన సరుకేనా? ఫోన్లో ఎవరెవరో చెప్పేవన్నీ గట్టిగా పెట్టుకుని వినేవాడు. పక్కగదిలో అత్తగారి కాలికి వ్యాయామం చేయిస్తూ ఆమె కూడా వినేది. వినీ వినీ ఆ విద్య ఆమెకీ వచ్చేసింది. ఒకరోజు "చాక్లెట్టా, వెనీలానా?" అని అడిగాడు. "వెనీలా" అంది. "నీకేం తెలుసు, అందరూ చాక్లెట్టే అంటున్నారు" అన్నాడు. తీరా వెళ్ళేసరికి కొట్లో చాక్లెట్ లేదు. వెనీలా డబ్బా చంకన పెట్టుకొచ్చి, "అంతా నీ నోటి చలవే" అన్నాడు.

అత్తగారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు ఆమె, తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో సెలవు పెట్టింది. అద్దాలు తుడవడం, ఫ్రేములు వంచి ముఖానికి సరిచేయడం ఆమె పని. ఎవరైనా కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో" అన్నప్పుడు ఆమె ముఖం కూడా వెలిగేది. ఆ సెలవు ఇవాళ్టితో ఆఖరు. రేపు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని యజమాని చెప్పేశాడు. సెలవెప్పుడు అయిపోతుందని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది కదా.

అత్తగారు భారీ మనిషి. మంచం మీంచి కుర్చీకి, కుర్చీ నుంచి బాత్రూముకి, మళ్ళీ వెనక్కి. నడుముకి చీరముక్క కట్టి, మోకాళ్ళు వంచి, చంకల కింద చేతులు వేసి, "నన్ను పట్టుకోండి అత్తయ్యా, లేద్దాం" అంటూ లేపేది ఆమే. మొదట్లో ఒకసారి అతణ్ణి సాయం పిలిచింది. "నేను మగవాణ్ణి. అమ్మని బాత్రూముకి ఎలా తీసుకెళ్తాను? అమ్మకి సిగ్గుగా ఉండదూ?" అన్నాడు. కుర్చీ దాకా అయినా రమ్మంటే, "నడుము జాగ్రత్తగా చూసుకోమన్నాడు మా ట్రైనర్" అన్నాడు. ఆమె నడుముకి ట్రైనర్ లేడు.

ఒకరోజు లేపుతూ ఉంటే ఆమెకి పట్టు తప్పింది. ఇద్దరూ కలిసి బాత్రూము గడప దగ్గర మెల్లగా కిందికి జారి కూర్చుండిపోయారు. దెబ్బ తగల్లేదు గానీ లేచే ఓపిక ఇద్దరికీ లేదు. గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయారు.

"ఇవాళ ఏం తిన్నావు?" అంది అత్తగారు.

ఆమె ఆలోచించింది. "టీ" అంది.

"డాక్టరమ్మ ఏం చెప్పింది?"

ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది, మంచాన పడ్డవాళ్ళకి కండ కరిగిపోతుందని. గుడ్లు, పప్పులు, పాలు బాగా పెట్టమంది. తినలేకపోతే పొడి కలిపివ్వచ్చు, పరీక్షలు చూశాను, కిడ్నీలు బాగానే ఉన్నాయంది. తర్వాత కోడలి వైపు చూసి, "ఎత్తేది నువ్వేనా? ముందు నువ్వు తినమ్మా" అంది. ఆ మాట అతను వినలేదు. ఫోన్లో డబ్బాలు చూసుకుంటున్నాడు.

"మరింకేం? ఆ డబ్బా ఫ్రిజ్ పైనుంది కదా, దించు" అంది అత్తగారు.

మొదటిసారి మరిగే పాలల్లో వేస్తే పొడి ఉండలు కట్టి, గిన్నెకి అంటుకుపోయింది. ముందు చల్లని పాలు పోసి, ఆ పైన పొడి వేసి గిలకొట్టాలని రెండోసారికి తెలిసింది. అతను ఆఫీసుకి వెళ్ళాక రెండు గ్లాసులు కలిపేది. అత్తాకోడళ్ళు చెరో గ్లాసు పట్టుకుని మంచం మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళు. "సున్నం తాగినట్టుంది" అనేది అత్తగారు, గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంటూ. సెలవు సంగతి ఆమె చెప్పుకున్నది కూడా అక్కడే, ఆ మంచం మీదే. అత్తగారు ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని నిమిరింది.

ఇప్పుడు ఆమె షేకర్ కడిగి బోర్లిస్తుంటే, హాల్లోంచి "ఇదేంటి?" అన్న కేక వినిపించింది. అతను డబ్బా మూత తీసి, అడుగు కనిపించేలా వంచి చూస్తున్నాడు. "మొన్నేగా తెచ్చాను!"

"నేను తాగాను" అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి. రెండో గ్లాసు ఎవరిదో చెప్పలేదు.

ఆడపడుచు పకపకా నవ్వింది. "అయ్యో వదినా, జాగ్రత్త! మీసాలొస్తాయి!"

"నీకెందుకిది?" అన్నాడు అతను. "ఇది ఎక్సర్‌సైజు చేసేవాళ్ళకి. ఇంట్లో ఖాళీగా కూర్చునేవాళ్ళు తాగితే ఒళ్ళొస్తుంది, అంతే."

ఆ మాటకి ఆమెకి కోపం రావాలి. రాలేదు. ఎన్నాళ్ళనుంచో మసకగా ఉన్నదేదో ఒక్కసారి అద్దం తుడిచి పెట్టినట్టు కనిపించింది. ఆమె వెళ్ళి సోఫాలో, ఆడపడుచు పక్కన కూర్చుంది. వీపు వెనక్కి ఆనించింది. ఈ సోఫా ఇంత మెత్తనిదని ఆమెకి తెలియదు.

ముందుగదిలోంచి పిలుపొచ్చింది. "ఎవరైనా రండి, బాత్రూముకి వెళ్ళాలి."

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆమె వైపు చూశారు. ఆమె కదల్లేదు.

"అమ్మ పిలుస్తోంది" అన్నాడు.

"విన్నాను. నేను ఖాళీగా కూర్చునేదాన్ని కదండీ, నావల్ల ఏమవుతుంది? ఎక్సర్‌సైజు చేసేవాళ్ళు మీరు వెళ్ళండి."

"వేళాకోళమా? అమ్మకి సిగ్గు..."

"సిగ్గేంట్రా!" అంది లోపల్నుంచి అత్తగారు. "చిన్నప్పుడు నిన్ను రోజూ కడిగింది నేనేగా, మర్చిపోయావా? రా ముందు. ఆ పొడి నేనూ తాగాను. ఇద్దరం తాగాం. ఏం చేస్తావో చెయ్యి."

అతను చెల్లెలి వైపు చూశాడు. ఆడపడుచు ఫోన్లో తల దూర్చింది. చివరికి అతనే వెళ్ళాడు.

ఆమె కూర్చునే వింది. మంచం కిర్రుమంది. "చేతులు పట్టి లాగకురా, ఊడొస్తాయి! చంకల కింద పట్టుకో. మోకాళ్ళు వంచు. నీవి!" అంటోంది అత్తగారు. తర్వాత "అమ్మా!" అని చిన్న మూలుగు. ఆమె కాళ్ళు వాటంతట అవే లేచి గది గుమ్మం దాకా వెళ్ళాయి. అక్కడ అతను అమ్మని ఎత్తలేక, దించలేక చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. భార్యని చూడగానే అతని ముఖం విప్పారింది. "హమ్మయ్య, వచ్చావా. పట్టుకో."

ఆమె చెయ్యి చాచింది.

ఆ గది తలుపు ఆమె ముఖం మీద మూసుకోవడం కొత్త కాదు. అమ్మా పిల్లలూ ఇంటి సంగతులు మాట్లాడుకునేటప్పుడల్లా, "వదినా, కాస్త బయట ఉండు" అని ఆడపడుచు గొళ్ళెం పెట్టేది. ఇప్పుడు అత్తగారు కొడుకు భుజం మీదుగా ఆమె వైపే చూస్తోంది.

"రాకమ్మాయ్. నువ్వు ముట్టుకున్నావంటే వీడు వదిలేస్తాడు." మళ్ళీ కొడుకుతో, "రేపట్నించి అది షాపుకి వెళ్తుంది. పగలు నీ చెల్లెలు వస్తుంది, పొద్దునా సాయంత్రం నువ్వు. ఇవాళే నేర్చుకో" అంది.

"అమ్మా, నావల్ల..."

"కాలు ఖాళీగా ఉందిగా నీకు. ఆ కాలితో తలుపు తొయ్యి."

తలుపు ఆమె ముఖం మీద మూసుకుంది.