ఇంటింటికీ తిరిగిన గుమ్మం

నేను ఒక గుమ్మాన్ని. ఒకచోట నిలబడటం తప్ప మరో పని తెలియకూడని దాన్ని. అలాంటిది, నాలా ఊరేగిన గుమ్మం ఇంకోటి ఉండదేమో! వడ్రంగి నన్ను వేపచెక్కతో చేసినప్పుడు ఎడమ కాలిలో నల్లటి ముడి ఒకటి కన్నులా ఉండిపోయింది. తర్వాత కొంప ముంచింది అదే.

నన్ను కొనుక్కున్నది అసిరమ్మ. ప్రభుత్వం ఇచ్చిన కాలనీలో ఆమెకో స్థలం వచ్చింది. వానలు పడేలోగా టార్పాలిన్ గుడిసెలోంచి బయటపడాలని ఆమె ఆరాటం. నన్ను ఎత్తడానికి ముహూర్తం కూడా పెట్టించింది.

ముహూర్తం నాటి పొద్దున్నే పక్క స్థలం పైడమ్మ పరుగెత్తుకొచ్చింది. గుమ్మం ఎత్తినట్టు ఫోటో తీస్తేనే తర్వాతి బిల్లు ఇస్తారు. బిల్లు వస్తేనే ఆ పేదవాళ్లు గుమ్మం కొనగలరు. ఈ రూలు రాసిన మహానుభావుడు జన్మలో ఇల్లు కట్టుకుని ఉండడు.

"అసిరప్పా, నీ గుమ్మం ఓపాలి ఇయ్యవే. పొటో తీసీసి తెచ్చెత్తాను."

పసుపు రాసి పూజ చేశాక గుమ్మాన్ని కదపకూడదు. అసిరమ్మ కాసేపు తటపటాయించింది. "సర్లే, అట్టుకెల్లు. నా పూజ రేపు సేసుకుంతాను," అంది.

ఆ రేపు రానే లేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. భుజాల మీద మోశారు, ఇటుకలు ఆనించి నిలబెట్టారు, ఫోటో కాగానే పీకేశారు. నాకు దిగులు, కోపం, ఊపిరాడనంత తొందర. చుట్టూ గోడలు లేస్తున్నాయి. అసిరమ్మ పునాది మీద మాత్రం గడ్డి మొలిచింది.

అప్పుడు కొత్త ఇంజనీరమ్మ ఫోటోలన్నీ చూసి, ప్రతి ఇంట్లోనూ నా నల్లకన్ను గుర్తుపట్టింది. బిల్లులన్నీ ఆపేసి కాలనీకి వచ్చింది.

"ఈ గుమ్మం ఎవరిది?"

పైడమ్మ తల దించుకుంది. అసిరమ్మే ముందుకొచ్చింది. "నాదేనమ్మా."

"మీ ఇల్లేదీ?"

అసిరమ్మ గడ్డి చూపించింది.

"ముందు మీరే ఎత్తుకోవచ్చుగా?"

"పసుపు రాసీసినాక కదపకూడదు గదమ్మా. మరి ఈలందరి గతేటి?"

ఇంజనీరమ్మ ఆ పునాది మీదే కూర్చుండిపోయింది. తర్వాత ఆమె పైవాళ్లతో పోట్లాడిందట. రూలు మారింది. పునాది పడగానే ప్రభుత్వమే గుమ్మం ఇస్తుంది. కానీ అది మారేలోగా వానలొచ్చాయి. ఆ వానాకాలమంతా అసిరమ్మ గుడిసె కూలకుండా టార్పాలిన్ కింద నేనే ఊతమయ్యాను.

ఇనుప గుమ్మాలు లారీలో దిగాయి. ఫోటోలో ఇనుపదే కనిపించాలట! అసిరమ్మ ఇనుపదాన్ని నిలబెట్టి ఫోటో తీయించుకుంది. ఫోటో తీసిన మనిషి వెళ్లగానే దాన్ని పీకి మేకల దొడ్డికి పెట్టింది. పైడమ్మా, మిగతా ఆడవాళ్లూ మామిడాకులతో వచ్చి నన్ను ఎత్తారు. అసిరమ్మ నాకు పసుపు రాసింది.

"ఇంకెక్కడికీ ఎల్లకే," అంది నాతో.

ఎక్కడికీ వెళ్లలేదు. అయినా వీధిలో ఎవరైనా ఫోను పైకెత్తితే చాలు, నా కాళ్లు సిమెంటులో ఇప్పటికీ కదులుతాయి.